చెమట పట్టని టీచరమ్మ

1956 జనవరి. కడపలో నేను సొంతంగా వైరింగ్ పని మొదలుపెట్టి అప్పటికి నాలుగేళ్లు దాటింది. బజారులో ఒక చిన్న గది, గుమ్మం మీద పేరు రాసిన రేకు, లోపల ఒక బల్ల, దాని నిండా విప్పి పెట్టిన టేబుల్ ఫ్యాన్లు, ఇస్త్రీ పెట్టెలు. కొత్తగా కరెంటు పెట్టించుకునే ఇళ్లకు టేకు బద్దల మీద వైరు లాగడం, మీటరు బోర్డు బిగించడం, కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టడం నా పనులు. మేము దూదేకులవాళ్లం. మా నాయన ఇంటింటికీ తిరిగి దూది ఏకి పరుపులు, రజాయిలు కుట్టేవాడు. నేను కరెంటు పనిలోకి పోయినందుకు ఆయనకు కోపం లేదు గాని, కంటికి కనిపించని సరుకుతో బతుకేమిటని అప్పుడప్పుడు అనేవాడు.

ఆ నెలలో ఒక మధ్యాహ్నం ఆయన దుకాణానికి వచ్చి, దూదేకే విల్లు గోడకు ఆనించి, కూర్చోకుండానే విషయం చెప్పాడు.

“రేయ్ మస్తానూ, మోచంపేటలో లెక్కల టీచరమ్మ ఉండాది సూడు, ఆయమ్మ మూడో రజాయి కుట్టమంటాందిరా. దసరాకు ముందు ఒకటి కుట్టిచ్చినా, దీపావళి పోయినాక ఇంకోటి. రెండు రజాయిలు కప్పితే ఎనుబోతు కూడా చెమటలు కక్కాల. ఆయమ్మకు మాత్రం సలి పోలేదంట.”

“చలికాలమే కదా నాయనా.”

“కడపలో ఏం సలిరా? తెల్లారుజామున రోంత. కరెంటుతో గది వెచ్చగా పెట్టేదానికి అయితాదా అని నిన్ను పిల్చకరమ్మనింది. పోయి సూడు.”

ఈ కాలం చదువరులకు ఒక మాట చెప్పాలి. ఆ రోజుల్లో మా ఊళ్లో ఫ్యాను కావాలని వచ్చినవాళ్లు ఉన్నారు, రేడియో బాగుచేయమని వచ్చినవాళ్లు ఉన్నారు. పడకగదికి హీటరు కావాలని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. మా ఊళ్లో ఎండ కొనుక్కోవలసిన సరుకు కాదు. అందుకే నాకు నవ్వొచ్చింది. ఆ సాయంత్రం టేపు, టెస్టరు జేబులో వేసుకుని ఆ నవ్వుతోనే బయలుదేరాను.

అనసూయమ్మ టీచరు ఆడపిల్లల హైస్కూల్లో ఇరవై ఏళ్లుగా లెక్కలు చెబుతున్నారు. చిన్నతనంలోనే భర్త పోయాడు. మద్రాసులో చదువుకుని వచ్చి, తల్లి సుబ్బమ్మవ్వతో కలిసి ఒక రాతి మిద్దెలో ఉండేవారు. ఆమె జీతం మీదే ఆ ఇల్లు నడిచేది. ఆమె నడక, గొంతు, చేతిలోని సుద్దముక్క విసురు గురించి ఊళ్లో ఆడపిల్లలున్న ప్రతి ఇంట్లోనూ కథలు ఉండేవి. నేను ఊహించుకున్న మనిషి వేరు, ఆ రోజు చూసిన మనిషి వేరు.

బయట వీధిలో జనం చొక్కా గుండీలు విప్పుకుని తిరుగుతున్నారు. లోపల ఆమె స్వెట్టరు వేసుకుని, పైన శాలువా కప్పుకుని, కాళ్లకు ఉన్ని మేజోళ్లతో కుర్చీలో కూర్చుని ఉన్నారు. ముఖం ఉబ్బి ఉంది, కళ్ల కింద చర్మం సంచుల్లా వేలాడుతోంది. మాట్లాడబోతే మాట వెంటనే రాలేదు. వచ్చినప్పుడు బొంగురుగా, ఒక్కొక్క పదం బావిలోంచి చేదుకున్నట్టు వచ్చింది.

“మస్తాన్… రాత్రి తొమ్మిది నుంచి… పొద్దున ఆరు వరకు… గది ఒకే వేడిలో ఉండాల. ఎక్కువా కాకూడదు… తక్కువా కాకూడదు. చేస్తావా?”

“ఎంత వేడి కావాలమ్మా?”

ఆమె కొంతసేపు ఆలోచించారు. నిద్రపోయారేమో అనుకున్నాను. “డెబ్బై ఎనిమిది డిగ్రీలు,” అన్నారు చివరికి. అప్పట్లో మేమంతా ఫారెన్‌హీట్ లెక్కే వాడేవాళ్లం. చలికాలపు తెల్లవారుజామున మా ఊళ్లో గది లోపల అరవై ఐదు, అరవై ఆరు ఉండేది.

సుబ్బమ్మవ్వ వాకిట్లోకి నన్ను సాగనంపుతూ గొంతు తగ్గించి మిగతాది చెప్పింది.

“పోయిన నెల బొగ్గుల కుంపటి పెట్టుకోని తలుపేసుకోని పండుకున్యాం నాయనా. తెల్లార్తే ఇద్దరికీ తల తిరగతాది, లేయలేకపోతిమి. పొద్దున పాలు పోసే ఆయమ్మ తలుపు పగలగొట్టేమాదిరి కొట్టింది కాబట్టి బతికినాం. ఇంగ కుంపటి వద్దని నేనే చెప్పినా.”

మూసిన గదిలో బొగ్గు రాజుకుంటే విషవాయువు పుడుతుంది. వాసన ఉండదు, మనిషి నిద్రలోనే పోతాడు. వాళ్లు బతికి బయటపడడమే గొప్ప.

“డాక్టరుకు చూపించలేదా అవ్వా?”

“సూపిచ్చినాం. నీరసమన్యాడు, వయసన్యాడు, మనసులో దిగులన్యాడు. టానిక్కు రాసిచ్చినాడు. నాలుగు సీసాలు తాగింది. ఈడ బళ్లో ఏమో పాఠం చెప్తానే కునుకు తీస్తాందని పైకి రాసినారు. సెలవు పెట్టిచ్చినారు. ఏప్రిల్ ఆఖరికి పెద్ద డాక్టర్లు ముగ్గురు సూస్తారంట. పనికిరాదంటే ఉద్యోగం తీసేస్తారు. రాత్రి వెచ్చగా నిద్ర పడితే పగలు తెలివిగా ఉంటానని నా బిడ్డ ఆశ.”

వచ్చేటప్పుడు ఉన్న నవ్వు పోయేటప్పుడు లేదు.

పని మొదలుపెట్టాను. ఆ ఇంటికి దీపాల కనెక్షన్ మాత్రమే ఉంది. హీటరు లాగే కరెంటును ఆ సన్నని వైర్లు మోయలేవు. ఎంత కరెంటు లాగుతుందో దాన్ని మేము లోడు అంటాం. లోడుకు తగ్గ వైరు లేకపోతే గోడ మీదే మంట పుడుతుంది. కాబట్టి మీటరు నుంచి పడకగదికి లావు వైరు వేరుగా లాగాను, పింగాణి ఫ్యూజు పెట్టాను, పెరట్లో గొయ్యి తవ్వి ఉప్పు, బొగ్గు పోసి, షాకు కొట్టకుండా ఎర్త్ వేశాను. హీటరు మద్రాసు నుంచి తెప్పించాను. పింగాణి కడ్డీల మీద నైక్రోమ్ తీగ చుట్టిన రెండు రాడ్ల హీటరు అది. నైక్రోమ్ అంటే ఎర్రగా కాలినా కరిగిపోని తీగ.

హీటరు ఒక్కటీ ఉంటే చాలదు. ఆ రోజుల్లో సాయంత్రం ఊరంతా దీపాలు వేసుకుంటే వోల్టేజి పడిపోయేది, అందరూ పడుకున్నాక పెరిగేది. స్విచ్చి వేసి వదిలేస్తే పొద్దుపోయేటప్పటికి చాలీచాలని వేడి, తెల్లవారేటప్పటికి భరించలేని వేడి. మధ్యలో మాటిమాటికీ లేచి ఆపేవాళ్లెవరు? ఆ లేచి ఆపే పని మనిషికి బదులు చేసేదే థర్మోస్టాట్. దాని లోపల బైమెటల్ అని ఒక పట్టీ ఉంటుంది. రెండు వేర్వేరు లోహాలను ఒకదానికొకటి అతికించిన పట్టీ అది. వేడికి ఒకటి ఎక్కువ సాగుతుంది, ఇంకొకటి తక్కువ. దాంతో పట్టీ ఒకవైపు వంగుతుంది. వంగినప్పుడు కరెంటు తెగుతుంది, చల్లబడి నిటారైనప్పుడు కలుస్తుంది. గది తనంతట తానే కావలసిన వేడిలో నిలుస్తుంది. పుస్తకంలో చదివాను గాని అప్పటిదాకా నేను దాన్ని చేత్తో పట్టుకోలేదు. తెలిసినవాళ్ల ద్వారా మద్రాసు పాత సామాన్ల బజారులో వెతికించి ఒకటి సంపాదించాను. గుండ్రటి డయలు, దాని మీద అంకెలు, చూడముచ్చటగా ఉంది.

ఒక మధ్యాహ్నం మూడు గంటలకు బిగించడం పూర్తయింది. అప్పుడు గదిలో ఎనభై రెండు డిగ్రీలు ఉంది. డయలును డెబ్బై ఎనిమిది దగ్గర పెట్టి స్విచ్చి వేశాను. టిక్కుమని శబ్దం వచ్చింది, రాడ్లు ఎర్రబడ్డాయి. నేను ఆనందం పట్టలేకపోయాను. గది అప్పటికే ఎనభై రెండులో ఉంటే డెబ్బై ఎనిమిదికి పెట్టిన హీటరు ఎందుకు వెలగాలి అన్న ప్రశ్న నాకు రావలసింది. వచ్చింది కూడా. పాత సరుకు కదా, అంకెల్లో నాలుగు డిగ్రీలు తేడా ఉంటుందిలే అని సర్దిచెప్పుకున్నాను. వెలిగింది కాబట్టి పనిచేస్తున్నట్టే అనుకుని, రాత్రి పడుకునే ముందు స్విచ్చి వేసుకోమని చెప్పి ఇంటికి వచ్చేశాను.

మరునాడు తెల్లవారుతూనే సుబ్బమ్మవ్వ మా ఇంటి ముందు నిలబడి ఉంది. చీర వీపుకు అతుక్కుపోయి ఉంది.

“నాయనా మస్తానూ, గది గదిమాదిరి ల్యా. పొయ్యి అయిపోయినాది!”

చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. పడకగది తలుపు తీయగానే వేడి ముఖానికి కొట్టింది. గోడకు వేలాడదీసిన థర్మామీటరు తొంభై ఎనిమిది చూపిస్తోంది. రాడ్లు రెండూ నిప్పుల్లా ఉన్నాయి. హీటరు పక్కన గోడ మీది టేకు బద్ద వార్నిషు వాసన కొడుతోంది. మంచం మీంచి జారిన రజాయి అంచు ఆ నిప్పుకు జానెడు దూరంలో ఉంది. దూది రాజుకుంటే ఎట్లా అంటుకుంటుందో దూదేకులవాడి కొడుక్కి ఒకరు చెప్పనక్కర్లేదు. స్విచ్చి ఆపాను.

“నువ్వెందుకు ఆపలేదవ్వా?”

“కరెంటంటే భయం నాయనా. అదొక్కటే కాదులే. నేను తాళలేక వాకిట్లోకొచ్చి పండుకున్యా. మధ్యలో వచ్చి సూస్తే నా బిడ్డ కండ్లు మూసుకోని హాయిగా పండుకోనుండాది. ఎన్నాళ్లయిందో అట్ల నిద్రపోయి. ఆపేదానికి మనసు రాల్యా.”

అప్పుడే మంచం మీద అనసూయమ్మగారు కదిలారు. మెల్లగా లేచి కూర్చుని నా వైపు చూశారు.

“మస్తాన్… ఐదు నెలల తర్వాత… నిన్న రాత్రి నిద్రపోయినాను.”

ఆమె మీద ఒక రజాయి, లోపల స్వెట్టరు. నేను గదిలోకి వచ్చి రెండు నిమిషాలు కాలేదు, నా చొక్కా తడిసిపోయింది. ఆమె నుదుటి మీద ఒక్క చెమట చుక్క లేదు. అవ్వ చెయ్యి పెట్టి చూసి, “సల్లగానే ఉండాది,” అంది.

క్షమించమని అడిగి, థర్మోస్టాట్‌ను విప్పి పట్టుకుని ఇంటికి వచ్చాను. బల్ల మీద పెట్టి తెరిచి చూస్తే నా తప్పు నాకు తెలిసింది. అది గదిని వెచ్చబెట్టే థర్మోస్టాట్ కాదు, చల్లబెట్టే యంత్రానిది. చల్లబెట్టే యంత్రం గది వేడెక్కినప్పుడు నడవాలి, చల్లబడినప్పుడు ఆగాలి. కాబట్టి దాని పట్టీ వేడికి వంగినప్పుడు కరెంటు కలుపుతుంది. అంటే నేను పెట్టింది గది ఎంత వేడెక్కితే అంత గట్టిగా హీటరును వెలిగించే ఏర్పాటు. టీచరమ్మ చలికి తాళలేక గదిలో పగటి వేడి ఉండగానే స్విచ్చి వేసుకున్నారట, అందుకే అది వెలిగి ఇక ఆగలేదు. మద్రాసువాళ్ల తప్పేమీ లేదు. థర్మోస్టాట్ కావాలన్నాను, ఇచ్చారు. చల్లగుడ్డ ఒకసారి, వేడినీళ్ల చెంబు ఒకసారి దగ్గర పెట్టి చూసి ఉంటే ఐదు నిమిషాల్లో బయటపడేది.

మా నాయన పక్కన కూర్చుని దూది చిక్కు తీస్తున్నాడు. జరిగినదంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన నా తప్పు గురించి పట్టించుకోలేదు.

“అంత వేడిలో ఆయమ్మకు చెమట పట్టల్యా?”

“పట్టలేదు నాయనా.”

“అయితే నేను ఇంగ రజాయి కుట్టను.”

“ఎందుకు?”

“రజాయిలో వేడి ఉంటాదనుకుంటాండావా? రజాయి సల్లగానే ఉంటాదిరా. మనిషి పండుకుంటే మనిషి ఒంట్లో వేడి పోకుండా పట్టుకుంటాది, అంతే. రాయికి పది రజాయిలు కప్పు, వెచ్చబడతాదా? ఆయమ్మ ఒంట్లోనే వేడి పుట్టడంల్యా. అది నా పనీ కాదు, నీ పనీ కాదు. డాక్టరు పని.”

నలభై ఏళ్లు దూది ఏకిన మనిషి మాట అది. నేను చదివిన కరెంటు పుస్తకాల్లో ఎక్కడా ఆ మాట లేదు.

కాంటాక్టును, అంటే కరెంటు కలిసే చోటును, పట్టీకి రెండో వైపుకు మార్చాను. ఈసారి చల్లగుడ్డతోనూ వేడి చెంబుతోనూ ఇరవైసార్లు పరీక్షించాను. హీటరు చుట్టూ ఇనుప జాలీ చేయించాను, మంచాన్ని ఎదుటి గోడకు జరిపించాను. బిగించడం అయ్యాక, చెప్పాలా వద్దా అని తటపటాయిస్తూనే మా నాయన అన్న మాట టీచరమ్మకు చెప్పాను.

వినగానే ఆమె ఉబ్బిన ముఖంలో కళ్లు మాత్రం ఒక్కసారి పదునెక్కాయి. ఊళ్లో ఆడపిల్లలు భయపడే టీచరు ఈమేనని అప్పుడు నమ్మకం కలిగింది.

“మీ నాయన… లెక్క సరిగ్గా చేసినాడు మస్తాన్. గది ఒకటే… వేడి ఒకటే. మా అమ్మ తడిసిపోయింది… నేను పొడిగా ఉన్నాను. తేడా గదిలో లేదు. నాలో ఉంది. నేనేమో… ఇన్నాళ్లూ గదిని దిద్దుకుంటూ కూర్చున్నా.” ఆపైన, “ఒక వారం కొలుద్దాం. కొలత చూపిస్తే… దిగులని ఎవరూ అనలేరు,” అన్నారు.

ఆ వారమంతా గదిని నేను ఎనభైలో నిలిపాను. ఇప్పుడు థర్మోస్టాట్ చెప్పినట్టు విన్నది, రెండు డిగ్రీల కంటే అటూ ఇటూ పోలేదు. పడుకునే ముందు, లేచిన వెంటనే ఆమె గది వేడి చూసి, తన ఒంటి వేడి, తల్లి ఒంటి వేడి జ్వరం చూసే థర్మామీటరుతో కొలిచి గళ్ల కాగితం మీద చుక్కలు పెట్టారు. చుక్కలు కలిపితే మూడు గీతలు వచ్చాయి. గది గీత చదునుగా ఉంది. అవ్వ గీత తొంభై ఎనిమిది దగ్గర ఉంది. టీచరమ్మ గీత ఏడు రోజుల్లో ఒక్కసారి కూడా తొంభై ఆరు దాటలేదు. చేతులు సరిగ్గా ఆడకపోయినా గీతలు మాత్రం స్కేలుతో గీసినంత శుభ్రంగా ఉన్నాయి. స్కేలుతోనే గీశారు.

పెద్దాసుపత్రికి మద్రాసు నుంచి కొత్తగా ఒక డాక్టరమ్మ వచ్చిందని విని, జట్కాలో ముగ్గురం వెళ్లాం. డాక్టరమ్మ ముందు ఆ కాగితం చూసింది. రోగిని చూడకముందే లేచి నిలబడింది.

“ఇది ఎవరు గీశారు?”

“నేనే,” అన్నారు టీచరమ్మ.

“గదిని రాత్రంతా ఇంత సమంగా ఎవరు ఉంచారు?”

అవ్వ నన్ను ముందుకు తోసింది. “ఈ పిల్లోడే తల్లీ. మొదట ఒకసారి ఉడకబెట్టినాడు, తర్వాత సరిజేసినాడు.”

డాక్టరమ్మ నవ్వి టీచరమ్మను కుర్చీ మీద మోకాళ్లు ఆనించి నిలబడమంది. చిన్న రబ్బరు సుత్తితో మడమ వెనక నరం మీద కొట్టింది. పాదం ఠక్కున కదిలింది. తిరిగి తన చోటికి రావడానికి మాత్రం చాలా తీరిగ్గా వచ్చింది. మళ్లీ కొట్టింది, మళ్లీ అంతే. నాడి చూసింది, చర్మం చూసింది, గొంతు కింద తడిమింది.

“అమ్మా, మీకు వయసూ కాదు, దిగులూ కాదు. గొంతు దగ్గర థైరాయిడ్ అని ఒక గ్రంథి ఉంటుంది. ఒంట్లో వేడి ఎంత పుట్టాలో చెప్పేది అది. మీది పని మానేసింది. అందుకే చలి, నిద్ర, ఈ గొంతు, ఈ వాపు. మద్రాసులో ఊపిరిని కొలిచే పరీక్ష ఒకటి ఉంది, దాంతో ఖాయం చేసుకుందాం. ఇదే అయితే మందు ఉంది. తగ్గుతుంది.”

సుబ్బమ్మవ్వ అక్కడే బల్ల మీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఐదు నెలలుగా ‘తగ్గుతుంది’ అన్న మాట ఎవరూ అనలేదట.

మద్రాసు పరీక్షలో డాక్టరమ్మ చెప్పిందే తేలింది. అయితే మందు దగ్గర ఒక చిక్కు వచ్చింది. ఆ మాత్రలు పశువుల గొంతులోని అదే గ్రంథిని ఎండబెట్టి, పొడి చేసి తయారుచేసినవి. అది మాంసం పేరెత్తని ఇల్లు. వెల్లుల్లి కూడా గడప దాటి వచ్చేది కాదు. డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. టీచరమ్మ సీసా చేతిలో పెట్టుకుని తల్లి ముఖం చూస్తూ ఉండిపోయారు. ఆ రోజు మీటరు చూడటానికి వెళ్లిన నేను వాకిట్లోనే ఆగిపోయాను.

అవ్వ లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది. సీసా లాక్కుని, మూత తీసి, మాత్ర ఒకటి బిడ్డ అరచేతిలో పెట్టింది.

“మింగు.”

“అమ్మా, ఇది…”

“దేంతో చేసినారో నాకు చెప్పొద్దు. మందుకు మైల ల్యా. దేవునికి నేను చెప్పుకుంటాలే. ఆయప్ప అడిగితే నన్నే అడగనీ. నువ్వు మింగు.”

ఆమె మింగారు.

మొదటి పది రోజులు ఏమీ తెలియలేదు. డాక్టరమ్మ ముందే చెప్పింది, చిన్న మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలని. మూడో వారంలో నాకు కబురు వచ్చింది, డయలు తగ్గించమని. ఎనభై నుంచి డెబ్బై ఆరుకు తగ్గించాను. నాలుగో వారం డెబ్బై రెండు. వెళ్లిన ప్రతిసారీ మనిషిలో ఏదో ఒక మార్పు. ఒకసారి శాలువా లేదు, ఇంకోసారి మేజోళ్లు లేవు. ముఖంలో వాపు దిగుతూ ఉంటే ఎముకలు, ముక్కు, గడ్డం ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. మాటల మధ్య ఖాళీలు పోయాయి. మార్చి సగమయ్యేసరికి గోడ మీద డయలు ఉందే గాని దానికి పని లేదు.

మార్చి ఆఖరున ఒక మధ్యాహ్నం వాళ్లకు పాలు పోసే ఆయమ్మ దుకాణానికి పరుగెత్తుకుంటూ వచ్చి, టీచరమ్మ వెంటనే రమ్మన్నదని చెప్పింది. ఏమైందోనని భయపడుతూ వెళ్లాను. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. అనసూయమ్మగారు నూలుచీరలో, చేతిలో విసనకర్రతో వాకిట్లోనే నిలబడి ఉన్నారు. నన్ను చూడగానే ముఖం ముందుకు పెట్టారు.

“చూడు మస్తాన్!”

ఏం చూడాలో నాకు అర్థం కాలేదు.

“నుదురు చూడప్పా! చెమట! పొద్దున నుంచి కారతానే ఉంది!” గొంతు ఖంగుమంది. “ఆ హీటరు విప్పి తీసుకపో. ఫ్యాను బిగించు. ఈ ఉక్కలో మనిషి ఎట్ల బతకాల?”

వెనక నుంచి అవ్వ, “పొద్దన్నుంచీ తుడవనీదు నాయనా. నువ్వొచ్చి సూడాలంట,” అంది. ముగ్గురం నవ్వాం. కడప ఎండలో చెమట పట్టిందని పండగ చేసుకున్న ఇల్లు నా ఎరుకలో అదొక్కటే. హీటరుకు లాగిన లావు వైరే అక్కడ ఉంది కాబట్టి ఆ సాయంత్రానికే ఫ్యాను తిరిగింది.

ఏప్రిల్ ఆఖరి వారంలో ముగ్గురు డాక్టర్ల ముందుకు ఆమెను పిలిచారు. తోడుగా నన్నూ రమ్మన్నారు. నేను వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. తలుపు మూసే ఉన్నా ఆమె మాట నాకు స్పష్టంగా వినబడుతూనే ఉంది. జనవరిలో చెవి దగ్గర పెట్టుకుంటే గాని వినపడని గొంతు అది. లోపల ఎవరో, మతిమరుపు ఉందని రాశారు, చిన్న లెక్క ఒకటి అడగవచ్చా అన్నారు. అడగండి, పెద్దదే అడగండి అన్నారు ఈమె. అడిగినాయన లెక్క పూర్తిగా చెప్పకముందే జవాబు వచ్చింది. తర్వాత నవ్వులు వినిపించాయి.

పావుగంటకు బయటికి వచ్చారు. చేతిలో కాగితం. ఉద్యోగానికి అన్ని విధాలా తగిన ఆరోగ్యం ఉందని ముగ్గురూ సంతకాలు పెట్టారు.

“జూన్ పన్నెండు నుంచి బడి,” అన్నారు మెట్లు దిగుతూ. ఆ మెట్లను జనవరిలో అయితే ఇద్దరం పట్టుకుని దింపాల్సి వచ్చేది. ఇప్పుడు ఆమె వేగాన్ని అందుకోవడానికి నేను రెండేసి మెట్లు దిగాను. “తొమ్మిదో తరగతి పిల్లలకు క్షేత్రగణితం సగంలో ఆగిపోయింది, ఇప్పుడు పదిలోకి వస్తారు. మొదటి రోజే అక్కడ మొదలుపెట్టాల.”

ఆ తర్వాత పదమూడేళ్లు పనిచేసి రిటైరయ్యారు.

నేను ఇంకో ముప్పై ఏళ్లు ఈ పనిలో ఉన్నాను. కోల్డ్ స్టోరేజీలు, సినిమా హాళ్ల ఏసీలు, ఆసుపత్రుల్లో బిడ్డలను వెచ్చగా ఉంచే పెట్టెలు, థర్మోస్టాట్ ఉన్నవి ఎన్నో బాగుచేశాను. ఏది చేతికి వచ్చినా చల్లగుడ్డతోనూ వేడి చెంబుతోనూ రెండు వైపులా చూడకుండా గోడకు ఎక్కించలేదు. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లు దాన్ని నా చాదస్తమనుకునేవాళ్లు. వెలిగింది కాబట్టి బాగుందనుకోవడం ఎంత ప్రమాదమో వాళ్లకు చెప్పేవాణ్ని. వెలగడం కంటే ఆగడమే ముఖ్యమని కూడా చెప్పేవాణ్ని.

ఇంకొకటి నేర్చుకోవడానికి మాత్రం ఎక్కువ కాలం పట్టింది. ఎవరైనా వచ్చి వింతగా ఏదైనా అడిగితే, రాత్రంతా ఫ్యాను శబ్దం తలలో మోగుతోందనో, పగటిపూట కూడా దీపం చాలడం లేదనో అంటే, ముందు వైరు వైపు చూడటం మానేశాను. కుర్చీ వేసి కూర్చోబెట్టి ఎప్పటి నుంచి, ఎట్లా, ఇంట్లో మిగతావాళ్లకు కూడా అట్లాగే ఉందా అని అడిగేవాణ్ని. పదిసార్లలో తొమ్మిదిసార్లు లోపం వైరులోనే దొరికేది, బాగుచేసి పంపేవాణ్ని. పదోసారి మాత్రం ఫీజు తీసుకోకుండా డాక్టరు ఇల్లు ఎక్కడో చెప్పి పంపేవాణ్ని.